నూరా థీసిస్‌లో నేను రాసిన అధ్యాయం

శ్రావ్యా, తరుణ్,

మీరిద్దరూ ఒకే వారంలో ఫోన్ చేశారు. శ్రావ్యకు ఎమ్మే ఇంగ్లీషులో సీటొచ్చింది, పోస్ట్‌కలోనియల్ సాహిత్యం పేపరు తీసుకుంటుందట. తరుణ్‌కు కాలేజీలో ఉద్యోగమొచ్చింది, చేరీ చేరగానే అదే పేపరు చెప్పమన్నారట. "అమ్మమ్మా, నువ్వు ఇన్నేళ్ళు ఇదే చెప్పావు కదా, ఏమేం చదవాలో లిస్టు పంపవూ" అని ఇద్దరూ అడిగారు.

లిస్టు మీకు ఎక్కడైనా దొరుకుతుంది బంగారం. ఈ ఉద్యోగంలో నేను చేసిన తప్పులు మూడో నాలుగో ఉన్నాయి, అందులో ఒకటి పెద్దది. దానివల్ల ఒక అమ్మాయి ఉద్యోగం పోయేదాకా వచ్చింది. అది రాసి పంపుతాను. ఇక్కడ సౌదీలో, ఖోబర్లో, మీ మామయ్య పొద్దున్నే ధహ్రాన్ ఆఫీసుకు వెళ్ళిపోతాడు, అత్తయ్య స్కూలుకు వెళ్తుంది. అజీజియాలో ఈ ఫ్లాటు మధ్యాహ్నం దాకా నాదే. కావలసినంత తీరిక.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ కమిటీల్లో కూర్చున్నాను, అవన్నీ వదిలేస్తున్నాను. వాటివల్ల ఎవరూ ఏమీ నేర్చుకోలేదు, నాతో సహా.

నోట్సు ఫైలు

మీ తాతయ్యకు అభాలో పిల్లల డాక్టరుగా ఉద్యోగం వచ్చినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. ఏడాది తిరక్కుండానే అక్కడి ఆడపిల్లల కాలేజీలో ఎమ్మే క్లాసులు చెప్పడానికి నన్ను తీసుకున్నారు. సౌదీ అనగానే మీకు ఇసుకే కళ్ళముందుకొస్తుంది కానీ అభా కొండల మీది ఊరు. వేసవిలో కూడా సాయంత్రానికి శాలువా కావాలి. మబ్బు దిగిన రోజు క్లాసు కిటికీలోంచి ఎదుటి భవనం కనిపించదు. ప్రహరీ మీద పెద్ద పెద్ద కోతులు పిల్లల టిఫిన్ సంచుల కోసం కాచుకుని కూర్చునేవి.

ఇండియా నుంచి వస్తూ కందిపొడి డబ్బా ఎంత జాగ్రత్తగా తెచ్చుకున్నానో, నా నోట్సు ఫైలు కూడా అంత జాగ్రత్తగా తెచ్చుకున్నాను. మా మాస్టారు మాకు చెప్పిన నోట్సు అది, దానిమీద నేను ఏటేటా చేర్చుకుంటూ పోయాను. మన దగ్గర పీజీ క్లాసు ఎలా ఉంటుందో తెలుసు కదా. టీచరు నెమ్మదిగా చదువుతుంది, పిల్లలు తల ఎత్తకుండా రాసుకుంటారు, మధ్యలో ఒకరు "మళ్ళీ చెప్పండి మేడం" అంటారు. పరాయివాళ్ళు పాలించి వెళ్ళిపోయిన దేశాల్లో జనం ఏం రాశారు, ఆ పాలన వాళ్ళ బుర్రల్లో ఏం మిగిల్చింది అన్నది ఈ పేపరు విషయం. మనుషుల్ని సొంతంగా ఆలోచించనివ్వని పాలన గురించి నేను డిక్టేషన్ చెప్పేదాన్ని. అందులో వింత ఉందని నాకు చాలా కాలం తోచలేదు.

మొదటి ఏడాది నా క్లాసులో తొమ్మిది మంది. పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చాను: పరాయి పాలన రైతు బతుకును ఎలా మార్చింది? పేపర్లు దిద్ది, ఎనిమిది మందికి మంచి మార్కులు వేసి, విభాగం హెడ్డు డాక్టర్ హిస్సా గదిలో పెట్టి వచ్చాను. హిస్సా అభా మనిషే. పొట్టిగా ఉంటుంది, గొంతు పెంచదు, నవ్వదు. మర్నాడు పిలిచింది. అక్కడ డాక్టరేట్ ఉన్న ఆడవాళ్ళను దుక్తూరా అంటారు.

"దుక్తూరా సరళా, కూర్చోండి. నాకో సందేహం. మా అభాలో వైస్రాయి బంగళా ఎక్కడుండేది?"

"ఇక్కడ వైస్రాయి ఎందుకుంటాడు దుక్తూరా?"

"అదే నాకూ అర్థం కాలేదు. ఎనిమిది మంది రాశారు. తెల్లదొరలు మన రైతుల చేత బలవంతంగా నీలిమందు వేయించారట. మన తాతలు జైళ్ళకెళ్ళారట." ఒక పేపరు బయటికి లాగింది. "అమల్ అయితే, ఈ సంగతి చెబుతూ మా తాత కన్నీళ్ళు పెట్టుకునేవాడు అని రాసింది. అమల్ తాత నాకు బాగా తెలుసు. తేనెటీగలు పెంచేవాడు. ఆయన జైలు గడప చూడలేదు. మీ తాతలెవరైనా వెళ్ళారా?"

"మా నాన్నగారి చిన్నాన్న వెళ్ళారు."

"అల్లా ఆయన్ని కరుణించుగాక. ఆయనకు ఎనిమిది మంది మనవరాళ్ళను అదనంగా ఇచ్చారు మీరు."

నాకు నవ్వొచ్చింది. తరువాత సిగ్గేసింది. అవి నా నోట్సులో వాక్యాలే, ఉన్నవి ఉన్నట్టు. దిద్దేటప్పుడు నా కళ్ళకు అలవాటైన మాటలు కనబడి, చెయ్యి దానంతటదే పదికి ఎనిమిది వేసేసింది. పిల్లలు ఏం రాశారో నేను చదవనే లేదన్నమాట.

తొమ్మిదో పేపరు నూరాది. ఆమె ఆ ప్రశ్న కింద రెండే వాక్యాలు రాసింది. "ఇది మా టీచరు వాళ్ళ కథ, నేను శ్రద్ధగా విన్నాను. మా ఊరి కథ ఈ ఆకారంలో లేదు, ఏ ఆకారంలో ఉందో నాకింకా తెలియదు." దానికి నేను పదికి నాలుగు వేశాను.

తరుణ్, రేపు నువ్వు పేపర్లు దిద్దేటప్పుడు నీ మాటలు నీకే తిరిగొస్తుంటే అది మెచ్చుకోలు అనుకోకు.

నూరా, ఆమె గడువు

నూరా మామూలు విద్యార్థిని కాదు, మొయీదా. అంటే కాలేజీయే డిగ్రీ మంచి మార్కులతో పాసైన పిల్లను ఉద్యోగంలోకి తీసుకుంటుంది, గడువులోగా ఎమ్మే పూర్తి చేస్తే లెక్చరర్ అవుతుంది. చేయకపోతే బోధన నుంచి తీసి ఆఫీసులో కూర్చోబెడతారు. నూరాకు మధ్యలో పాప పుట్టింది, ఒకసారి గడువు పొడిగించారు. రెండోసారి పొడిగించరు. "రిజిస్ట్రేషన్ సెక్షన్‌లో నా కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంది దుక్తూరా. రోజూ దాని ముందు నుంచే క్లాసుకు వస్తున్నాను" అనేది. నవ్వుతూనే అనేది కానీ ఆ వరండా దాటేటప్పుడు అడుగు త్వరగా వేసేది.

ఆమె థీసిస్‌కు నేను గైడును. విషయం ఆమే ఎంచుకుంది. ఆ కొండ ఊళ్ళలో ఇంటి ముందుగది గోడలకు ఆడవాళ్ళు రంగులు వేస్తారు. అడ్డపట్టీలు, త్రికోణాలు, చుక్కలు, ఒకదాని పైన ఒకటి వరుసలుగా. ఇంటావిడ గీతలు గీస్తుంది, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి తలా ఒక వరుస నింపుతారు. నూరా వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో అలాంటి గోడ ఉంది. పుస్తకాన్ని చదివినట్టు ఆ గోడను చదవాలని నూరా కోరిక.

మొదటి రెండు అధ్యాయాలు బాగానే వచ్చాయి. మూడోదానికి వచ్చేసరికి నాకు తొందర పట్టుకుంది. "ఇందులో వాదన ఏది నూరా? ఈ గోడ ఎవరికి జవాబు చెబుతోంది?" అని అడిగాను.

"ఎవరూ ప్రశ్న అడగలేదు దుక్తూరా."

"టర్కీ వాళ్ళు పాలించారు కదా మీ కొండల్ని?"

"వచ్చారు, వెళ్ళారు. మా అమ్మమ్మ దగ్గర వాళ్ళ గురించి ఒక్క పాట కూడా లేదు."

నాకది చాలలేదు. పాలకుడు లేకపోతే ఈ పేపర్లో ఏం మాట్లాడాలో నాకు తెలియదు. ఆమె ఇచ్చిన డ్రాఫ్టు తీసుకుని దిద్దడం మొదలుపెట్టాను. మా గైడు నా థీసిస్‌ను ఎలా దిద్దారో అలాగే. మొదట ఒక మాట, తరువాత ఒక పేరా, ఆపైన పేజీలు. వారం తిరిగేసరికి మూడో అధ్యాయం మొత్తం నాదే అయింది. గోడ మీది త్రికోణాలు పాలకుడి మీదికి లేచిన పిడికిళ్ళు అని రాశాను. ఆ వాక్యం చూసుకుని ఎంత మురిసిపోయానో! మీ తాతయ్యకు చదివి వినిపించాను కూడా. ఆయన స్టెతస్కోపు సంచీలో పెట్టుకుంటూ "గోడ కూడా కొడుతుందా?" అని వెళ్ళిపోయాడు.

నూరా ఏమీ అనలేదు. గడువు దగ్గరపడుతోంది, గైడు సంతకం కావాలి. అటువంటప్పుడు విద్యార్థి ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదు. నేను ఒప్పుకుంది అనుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. అప్పటికి రెండేళ్ళుగా ఆ గోడ మీద నడుస్తున్న థీసిస్‌కు నేను గైడును. గోడను మాత్రం చూడలేదు. నలభై నిమిషాల దారి. ఫోటోలు చూశాను, చాలనుకున్నాను.

తొంభై ఒకటో పేజీ

అక్కడ థీసిస్ మీద ప్రశ్నలు అడిగే సభను మునాఖషా అంటారు. అది చిన్నపాటి పెళ్ళిలా ఉంటుంది. చుట్టాలంతా వస్తారు, పూలగుత్తులు, చాక్లెట్ పళ్ళేలు, ఫ్లాస్కుల్లో ఖహ్వా, అంటే అక్కడి కాఫీ. ముందు వరసలో నూరా తల్లి, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ మధ్యలో అమ్మమ్మ. అమ్మమ్మను వాళ్ళు జద్దా అంటారు. నల్ల అబాయా కింద నుంచి పసుపుపచ్చ రుమాలు అంచు కనిపిస్తోంది. చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా, మాట్లాడే ప్రతి మనిషి మొహం వైపూ చూస్తూ కూర్చుంది.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మగాయన. అప్పట్లో ఆయన మగవాళ్ళ భవనంలో కూర్చుంటే, గొంతు మాత్రం స్పీకర్లో మా హాల్లోకి వచ్చేది. మర్యాదైన గొంతు.

"తొంభై ఒకటో పేజీ తీయండి. ఈ త్రికోణాలు గోడను బోసిగా ఉంచాలనుకున్న పాలకుడి మీదికి లేచిన పిడికిళ్ళు అన్నారు. ఎవరా పాలకుడు?"

నూరా పేజీ తీసింది.

"గోడలకు రంగు వేయవద్దని ఎవరు ఆజ్ఞాపించారు? నాకు తెలియక అడుగుతున్నాను. ఆధారం ఏమిటి?"

నూరా ఆ పేజీ వైపే చూస్తోంది. ఆమెకు జవాబు తెలుసు. ఇది నేను రాయలేదు అంటే చాలు. అనలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. స్పీకర్లో కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "మీ థీసిస్‌లో ఒక వాక్యాన్ని మీరు సమర్థించుకోలేకపోతే మేమేం చేయాలి?" అన్నారాయన.

గైడు ఆ సభలో అడక్కుండా మాట్లాడకూడదు. నేను చెయ్యెత్తాను. అధ్యక్షురాలు హిస్సా తల ఊపింది.

"ఆ వాక్యం నాది" అన్నాను.

స్పీకర్లోంచి, "వాక్యమేనా?"

"అధ్యాయం."

హాల్లో వాళ్ళను బయట కూర్చోమన్నారు. జద్దాకు ఎవరో చెవిలో ఏదో చెప్పారు, ఆమె లేస్తూ నన్ను ఒకసారి నిదానంగా చూసింది. గంటన్నర తరువాత నిర్ణయం చెప్పారు. థీసిస్ తిరస్కరించడం లేదు, ఆమోదించడమూ లేదు. మూడో అధ్యాయం నూరా తనే మళ్ళీ రాయాలి, సెమిస్టర్ ముగిసేలోగా మళ్ళీ సభ. తొమ్మిది వారాలు. ఆ సెమిస్టర్‌తోనే ఆమె ఉద్యోగం గడువు కూడా తీరిపోతుంది. హిస్సా నన్ను పక్కకు పిలిచి, "వచ్చే రెండేళ్ళూ మీకు కొత్త థీసిస్‌లు ఇవ్వను" అంది. న్యాయమే అన్నాను. "నూరా విషయంలో మాత్రం మీరే ఉండండి. పాడు చేసినవాళ్ళే దగ్గరుండి చూడాలి" అంది.

నూరా కార్ల దగ్గర నిలబడి ఉంది. పూలగుత్తి ఎవరికీ ఇవ్వకుండా అలాగే చేతిలో ఉంది. క్షమించమని అడగబోయాను.

"మీరు నిజం చెప్పారు. మంచిదే" అంది. "కానీ దుక్తూరా, నన్ను అడక్కుండా రాశారు. ఇప్పుడు నన్ను అడక్కుండానే మా వాళ్ళందరి ముందూ చెప్పేశారు."

నిజం చెప్పాను కదా అని మనసు తేలికపడిన ఆ నిమిషంలో కూడా నేను నా గురించే ఆలోచించానని ఆ పిల్ల చెప్పాక తెలిసింది.

లింబాద్రి

నాలుగు రోజులు ఫోన్ లేదు. ఐదో రోజు మెసేజ్ వచ్చింది: "గురువారం మా అమ్మమ్మ ఇంటికి రండి. పిడికిళ్ళు చూసిన మనిషిని తను చూడాలట."

కొండ అంచున రాతి ఇల్లు. ముందుగదిలో అడుగు పెట్టగానే నాకు తెలిసింది, ఫోటోలో ఆ గోడ నాకు సగం కూడా అందలేదని. నడుము ఎత్తు నుంచి పైదాకా రంగే. వానలకు కింది భాగం పెచ్చులూడితే మరమ్మతు చేయిస్తున్నారు. ఒక మనిషి నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని సన్న కుంచెతో గీత లాగుతున్నాడు. జద్దా పక్కనే ముక్కాలిపీట మీద, కర్రతో చూపిస్తోంది. గుమ్మం బయట నూరా మేనమామ టీ తాగుతున్నాడు. ఆ పనివాడికి కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, ఆయనే.

నేను నూరాతో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఆ మనిషి తల తిప్పి, నా చీర అంచు చూసి, "తెలుగోళ్ళా మేడం?" అన్నాడు.

"అవును నాయనా. నీదే ఊరు?"

"జగిత్యాల దిక్కు. కోరుట్ల కాడ. లింబాద్రి నా పేరు. పదకొండేండ్లాయె వచ్చి." జద్దా వైపు తిరిగి అరబ్బీలో ఏదో అన్నాడు. ఆమె కర్రతో నేలమీద కొట్టి నవ్వింది. "మా ఊరామెనే అని చెప్పిన. మరి గీమె గోడలు చూడకుంటనే గోడల ముచ్చట చెప్తదా అని అడుగుతుంది మేడం. ఏమనుకోకుండ్రి."

"ఏమనుకోను. నిజమే చెప్పింది."

నూరా ఖహ్వా తేవడానికి లోపలికి వెళ్ళింది. నా అరబ్బీ కూరగాయల కొట్టుకు సరిపోయేంతే. అలా ఆ రోజు జద్దా మాటలు నాకు కోరుట్ల తెలుగులో అందాయి. నేను నా పాత ప్రశ్నే అడగమన్నాను, టర్కీ వాళ్ళ సంగతి.

లింబాద్రి అడిగాడు. జద్దా చాలాసేపు చెప్పింది. అతను నవ్వాపుకోలేకపోయాడు. "వచ్చిండ్రట మేడం ఆళ్ళు. ఈమె అమ్మమ్మ చెప్తుండెనట. గీ అర్రలనే కూసుండి ఖావా తాగిండ్రట. గోడకు ఈపు ఆనిచ్చిండ్రట. రంగు పచ్చిగుండెనట, ఆళ్ళ కోట్లకంత అంటి వరుసంత కరాబయ్యిందని ముసలామె ఆళ్ళు పొయ్యేదాక తిట్టిందట. గంతే. గోడకు ఆళ్ళతోని ఇంకేం పని లేదంటుంది."

నా పిడికిళ్ళ సంగతి అలా ముగిసింది.

"నీకీ పని వచ్చా ముందునుంచీ?" అని అడిగాను.

"పెయింట్ పనొచ్చు గని గిసొంటిది రాదు. మొదట్ల తిట్లు తిన్న మేడం. అగో, ఆ మూడో వరుస చూడుండ్రి. వంకరున్నది గదా. నేను దారం పట్టి సక్కగ జేసిన. మంచిగ జేసిన అనుకున్న. ముసలామె వచ్చి చూసి కట్టె పట్టింది. అది ఫాత్మా చెయ్యి, ఫాత్మా చెయ్యి గట్లనే ఉంటది, నువ్వెవనివి దిద్దేతందుకు అన్నది. మళ్ళ గీకి వంకరనే ఏసిన. వంకర ఏసుడు ఎంత కష్టమో మీకేం దెల్సు!"

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతను నా గురించి అనలేదు, నేను అధ్యాయం దిద్దిన సంగతే అతనికి తెలియదు.

"అప్పటిసంది ఒక్కొక్క వరుస కాడ అడుగుతున్న, ఇది ఎవలది అని. చెయ్యి దెలిస్తె కుంచె పట్టుడు దెలుస్తది. చెప్తది ఈమె. ఫాత్మా, సాలెహా, ఇద్దరక్కచెల్లెండ్లు... పదకొండు మందివి పేర్లు జెప్పింది, ఆళ్ళ అయ్యల పేర్లతోని సహా. గీ కిందిదానికి మాత్రం పేరు జెప్పలే. ఆ పిల్ల అంటది. ఏ పిల్ల అంటె, సముద్రం అవుతలికెల్లి వచ్చిన పిల్ల, ఇంట్ల పని జేస్తుండె అంటది. పేరు అడిగితె కట్టె దిక్కు చూస్తది." వేలితో ఆ వరుసను తాకకుండా దగ్గరగా చూపించాడు. "అన్నింట్ల గిదే సక్కగున్నది మేడం. సన్నటి చెయ్యి. నాకు రెండు రోజులు పట్టింది దీనికే."

నూరా ఖహ్వాతో వచ్చింది. లింబాద్రి చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె కప్పులు కింద పెట్టి ఆ వరుస ముందు కూర్చుంది. చిన్నప్పటి నుంచి ఆ గదిలో ఆడుకున్న పిల్ల. థీసిస్ కోసం వందసార్లు ఫోటో తీసిన గోడ. "పన్నెండు వరుసలని రాశాను" అంది మెల్లగా. "పన్నెండు మంది అని లెక్కపెట్టలేదు."

ప్రశ్నార్థకం

మీకు నిజం చెప్పాలి. తిరిగి వస్తూ కార్లో నేను నూరాకు చెప్పిన మొదటి మాట, "ఇది వదిలెయ్" అని. ఇంటి గుట్టు; ఆ రోజుల్లో అలాంటి పిల్లల్ని కొని తెచ్చుకునేవారు. మేనమామ ఏమంటాడో. తొమ్మిది వారాల్లో ఎనిమిదే మిగిలాయి. వంకర వరుస గురించి రాస్తే చక్కటి అధ్యాయం అవుతుంది, ఎవరూ ఏమీ అనరు. నోరులేని వాళ్ళ గురించి ఇన్నేళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఆ పిల్ల ఎదురుపడగానే దారి తప్పించుకుందామన్నాను. ఈ పేపర్లో మన తాతలకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడటం చాలా సులువు పిల్లలూ. మన ఇంటి ముందుగదిలో ఎవరి పేరు పోయిందో అడగడమే కష్టం.

నూరా నా మాట వినలేదు. "దుక్తూరా, ఈసారి మీరు చదవండి, అడగండి. రాయవద్దు" అంది.

సరేనన్నాను. ఆ ఎనిమిది వారాలూ నా ఉద్యోగంలోకెల్లా కష్టమైన రోజులు. ఆమె ఇంగ్లీషులో ఒక వాక్యం కుంటుతుంటే నా చెయ్యి లాగేది. అయినా పక్కన గీత గీసి వదిలేదాన్ని. ఆమె మళ్ళీ ఊరెళ్ళింది, మేనమామతో పోట్లాడింది. ఆయన చివరికి "మా ఇంటి పేరు రాయకు, గోడ సంగతి నీ ఇష్టం" అన్నాడట. జద్దాను మళ్ళీ మళ్ళీ అడిగింది. పేరు రాలేదు. మూడో అధ్యాయం మొత్తం ఆ రాని పేరు మీదే రాసింది: గీతలు గీసినామె ఎవరు, నింపినవాళ్ళెవరు, పదకొండు చేతులను చేతులుగా గుర్తుపెట్టుకున్న ఇల్లు పన్నెండో చేతి పేరు ఎందుకు దాచుకోలేదు.

చివరి పేజీలో ఒకచోట, పేరు మరిచిపోలేదు, నిలుపుకోలేదు అని రాసింది. అక్కడ నేను ఒక ప్రశ్నార్థకం పెట్టాను. ముసలావిడ మతిమరుపు కావచ్చు కదా, దీన్ని ఎలా నిలబెడతావు అని కింద రాశాను. ఆమె చూసింది, మార్చలేదు. ఆమె మార్చకపోతే నేను మార్చకూడదు. సంతకం పెట్టి ఇచ్చేశాను. తేడా వస్తే రిజిస్ట్రేషన్ సెక్షన్లో ఆ కుర్చీ ఖాయమని ఇద్దరికీ తెలుసు.

రెండో సభ

మళ్ళీ అదే హాలు, అదే స్పీకరు. ఈసారి చుట్టాలు తక్కువే వచ్చారు. మొదటిసారి పూలు తెచ్చి భంగపడ్డవాళ్ళు కదా. జద్దా మాత్రం అదే కుర్చీలో ఉంది.

పరీక్షకుడు మొదటి రెండు అధ్యాయాల జోలికి పోలేదు. నేరుగా చివరి పేజీకి వచ్చారు. "ఆమె పేరును నిలుపుకోలేదు అన్నారు. ఒక వృద్ధురాలికి ఒక పేరు గుర్తు రాలేదు, అంతే కావచ్చు. దీనిమీద మీరు ఒక అధ్యాయం కట్టారు. ఆధారం ఏమిటి?"

నా ప్రశ్నే. ఈసారి చెయ్యెత్తడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు.

నూరా థీసిస్ మూసి బల్లమీద పెట్టింది. "మా అమ్మమ్మ పదకొండు మంది పేర్లు చెప్పింది, వాళ్ళ తండ్రుల పేర్లతో సహా. ఎవరి త్రికోణం ఏ పక్కకు ఒరుగుతుందో చెప్పింది. ఆ వరుస వేసి అరవై ఏళ్ళు దాటింది. మా అమ్మమ్మకు మతిమరుపు లేదండీ. ఆ పేరు ఆమెకు ఎవరూ గుర్తుపెట్టుకోమని చెప్పలేదు. నాకు కూడా ఎవరూ చెప్పలేదు. ఈ మధ్యదాకా నేనూ అడగలేదు. నా దగ్గరున్న ఆధారం అదే."

తరువాత ఆయన ఇంకా చాలా అడిగారు. నూరా కొన్నింటికి చెప్పింది, ఒకదానికి తెలియదు అంది. అరగంట తరువాత హిస్సా లేచి ఫలితం చదివింది. ఆమోదించారు. ఆ తరువాతి సెమిస్టర్ నుంచి నూరా లెక్చరర్‌గా క్లాసు చెప్పింది, ఇప్పటికీ చెబుతోంది.

ఆ రోజు చప్పట్లు అయ్యాక, అందరూ లేస్తుండగా, జద్దా నూరా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంగ్లీషు రాకపోయినా తన గురించి మాట్లాడారని ఆమెకు తెలిసింది. ఏం చెప్పావని అడిగింది. నూరా అరబ్బీలో నెమ్మదిగా చెప్పింది, ఏదీ మెత్తబరచకుండా చెప్పిందనే అనుకుంటాను, ఎందుకంటే ముసలావిడ మొహం బిగుసుకుంది. కర్ర మీద చేతులు ఉంచి కూర్చుంది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. అప్పుడు ఏదో అంది.

నూరా నా వైపు తిరిగి, "ఆ పిల్ల ఆకుపచ్చ రంగు ఇంకెవరినీ నూరనిచ్చేది కాదట. తనే పొద్దున్నే వెళ్ళి ఆకు కోసుకొచ్చి నూరుకునేదట. నూరుతూ తన భాషలో ఏదో పాడుకునేదట" అంది.

జద్దా ఆ పిల్ల గురించి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. నూరా ఆమె కుర్చీ పక్కన నేలమీద కూర్చుండిపోయింది, ఇక నాకు తర్జుమా చెప్పలేదు. నాకేమీ అర్థం కాలేదు, నేను అడగలేదు. గుమ్మంలోంచి పూలగుత్తులతో వస్తున్న వాళ్ళకు అడ్డంగా వెళ్ళి, కాసేపు ఆగమని చెప్పాను.